పిల్లలకు ఏమి తెద్దాము?

ఊరికి పోయివచ్చిన తండ్రి చేతిసంచి కింద పెట్టకమునుపే పిల్లలు వేసే ప్రశ్న ఒకటి ఉన్నది: "బాపూ, నాకేం తెచ్చినవ్?" కరీంనగరంలోనైనా, ఆదిలాబాదులోనైనా ఈ ప్రశ్నలో మార్పు లేదు. మార్పు వచ్చినది జవాబులోనే. ఒకప్పుడు పుట్నాలో, పేలాలో, మట్టి గురిగియో సంచిలోనుండి వెలువడేవి. ఇప్పుడు తళతళలాడే కాగితపు పొట్లం వస్తుంది. దానిలో ఏమున్నదో తెచ్చినవారికీ తెలియదు, తిన్నవారికీ తెలియదు.

ఉద్యోగధర్మంగా ఈ రెండు జిల్లాలలో తిరిగే భాగ్యం నాకు కలిగినది. 2016లో పాత జిల్లాలు విభజింపబడి నిర్మల్, మంచిర్యాల, జగిత్యాల, పెద్దపల్లి మొదలైన కొత్త జిల్లాలు ఏర్పడినప్పటికీ, సంతకు పోయే మనిషికి పాత సరిహద్దులే అలవాటు. వారానికొకసారి ఇంటికి ఏదో ఒకటి తీసుకుపోవడం ఒక తండ్రిగా నేను పెట్టుకున్న నియమం. అట్లు సంచిలో చేరినవాటిలో కొన్నింటిని గురించి ఈనాడు మీతో ముచ్చటిస్తాను.

మొదటిది కొయ్య వంకాయ. నిర్మల్‌లో చేసినది. కూరగాయల బుట్టలో వేస్తే మా ఇంట దానిని కోయడానికి కత్తిపీట కూడా తీశారంటే ఆ పనితనం ఎటువంటిదో మీరే ఊహించుకోవచ్చును. చేతిలోకి తీసుకుంటే మాత్రం గుట్టు బయటపడుతుంది. వంకాయకున్న బరువు దీనికి లేదు. ఇది పొనికి కర్ర. మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. ఉలికి సులభంగా లొంగుతుంది. బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి అతుకుతారు. ఆ ముద్దతోనే సందులు పూడుస్తారు. పైన తెల్లమట్టి పూత పూసి, నునుపు చేసి, ఆ తరువాతనే రంగు వేస్తారు. పూర్వం ఆకులనుండి, రాళ్ళనుండి తీసిన రంగులు వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా అంగడిలో దొరికే రంగులే. అందుచేత తల్లులకు ఒక మనవి: ప్రతి వస్తువునూ నోట పెట్టుకునే పసివాని చేతికి రంగువేసిన బొమ్మను, అది ఏ ఊరిదైనా సరే, ఇవ్వకండి. మూడేండ్లు నిండనివ్వండి.

ఈ పని చేసేవారు నకాషీలు. నిమ్మనాయుని కాలంనుండి ఈ విద్య నిర్మల్‌లో వర్ధిల్లినదని అక్కడివారు చెప్పుకుంటారు. 1955లో కళాకారులు ఒక సహకార సంఘంగా ఏర్పడినారు. నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అనగా వేరొక ఊరిలో చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మడానికి చట్టం అంగీకరించదు. పేరుకు రక్షణ దొరికినది. పనికి దొరికినదా? పొనికి చెట్టు దగ్గరి అడవులలో అరుదైపోయినది. నరికినంత వేగంగా అది పెరగదు. కర్ర కొరకు దూరం పోవలసివస్తున్నది, ఖర్చు పెరుగుతున్నది. పని చేసే కుటుంబాలు కొన్ని పదులకు మించి లేవు.

ఈ విద్యకు బడి లేదు. తండ్రి పక్కన కూర్చుండి కుమారుడు నేర్చుకోవలసినదే. ఆ తండ్రి తన కుమారుడు ఇంజనీరు కావాలనో, డాక్టరు కావాలనో కోరుకుంటే మనము తప్పుపట్టగలమా? మన పిల్లలను గురించి మనము కోరుకునేది అదే కదా! "కళను కాపాడండి" అని వేదికలమీద ఉపన్యసించేవారు తమ పిల్లవానికి ఉలి చేతికిచ్చిన ఉదాహరణ నాకు కనబడలేదు. కనుక నకాషీ పిల్లలకు నీతులు చెప్పే అధికారం మనకు లేదు. మనము చేయగలిగినది బొమ్మలు కొనడం. దానిలోనూ ఒక మెలకువ ఉన్నది. చాలా ఇళ్ళలో నిర్మల్ బొమ్మ అద్దాల బీరువాలో ఉంటుంది. దానిమీద ఇరవై ఏండ్ల దుమ్ము ఉంటుంది. బీరువాలోని బొమ్మ విరగదు; విరగని బొమ్మకు బదులు మరొకటి ఎవరు కొంటారు? పిల్లవాడు ఆడుకొని, ముక్కు విరగగొట్టి, మళ్ళీ కావాలని ఏడ్చినప్పుడే చేసినవాని ఇంట రెండవసారి పొయ్యి వెలుగుతుంది. ఆటబొమ్మను ఆటకే ఇవ్వండి.

కరీంనగరం వెండితీగ పనిని గురించి కూడా ఇదే మాట చెప్పవలసి ఉన్నది గాని, పన్నీరుబుడ్డి, అత్తరుదాను పిల్లల సంచిలోనివి కావు. సన్నని వెండితీగలను మెలివేసి, మందపు తీగతో కట్టిన చట్రంలో అల్లి, పూలుగా, ఆకులుగా అతికే ఆ నేర్పు ఎలగందులనుండి కరీంనగరానికి వచ్చినదంటారు. అమ్మాయి పెండ్లికి సామాను కొనేనాడు ఆ మాట తలచుకుంటే చాలును.

చేతివిద్య తెగిపోవడానికి ఒక్క తరం చాలును. తెగబోయిన దారాన్ని మళ్ళీ ముడివేసిన ఉదంతం కూడా ఈ సీమలోనే ఉన్నది. నా సంచిలోని రెండవ వస్తువు ఆ ఉదంతానికి సంబంధించిన ఒక పలుచని వాచకం.

గోండు పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలనే ప్రయత్నం 1943లో మార్లవాయిలో ఆరంభమైనది. హైమండార్ఫ్ పండితుని పూనికతో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, గోండీ వాచకాలు తయారుచేశారు. వాటిని దేవనాగరి లిపిలో అచ్చువేశారు. గోండీకి తనదైన లిపి ఉన్నదని అప్పటికి బయటి లోకానికి తెలియదు. అయితే నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో కొన్ని ఇళ్ళలో ఆ లిపిలో వ్రాసిన ప్రతులు భద్రంగా ఉన్నవి. వాటిని చదవగలిగిన పెద్దలు వ్రేళ్ళమీద లెక్కించదగినంతమంది మాత్రమే మిగిలినారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి బృందం ఆ ప్రతులను వెలుగులోకి తెచ్చినది. 2014లో ఆ లిపికి అచ్చు అక్షరాలు ఏర్పడినవి. 2018లో ప్రపంచ భాషల లిపులకు కంప్యూటరులో చోటు కల్పించే యూనీకోడులో గుంజాల గోండీ లిపి కూడా చేరినది. వీటన్నిటికంటె నాకు గొప్పగా తోచినది మరొకటి: ఆ పెద్దలే గురువులై ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పినారు. తాతకు తెలిసి, తండ్రికి తెలియని అక్షరం మనుమని పలకమీదికి వచ్చినది.

మన వర్ణమాలలో హల్లులు 'క'తో మొదలవుతాయి. గుంజాల లిపిలో 'య'తో మొదలవుతాయి. ఈ ఒక్క సంగతి చాలు, పిల్లల కుతూహలం రేకెత్తడానికి. మా అమ్మాయి ఆ అక్షరాలలో తన పేరు వ్రాసుకొని, బడిలో తోటివారికి చూపించి, ఎవరూ చదవలేకపోయినందుకు పరమానందపడినది. ఆ తరువాత, "వాళ్ళ ఊరి పిల్లలైతే చదువుతరు కదా" అని తనకు తానే అన్నది. పొరుగు భాషను గురించి ఇంతకంటె మంచి పాఠం నేను చెప్పలేను.

ఇక మూడవది తినుబండారం: ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు చేసే ఇప్పపూవు లడ్డు. ఇప్పపూవు అనగానే సారా జ్ఞాపకం వచ్చేవారు మనలో పలువురు. అది పూవు తప్పు కాదు. ఎండిన పూలను శుభ్రపరచి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం మొదలైనవి చేర్చి ఉండలు కడతారు. తీపిలో ఎండుద్రాక్షను తలపిస్తుంది; వాసన మాత్రం దానిదే. మొదటిసారి కొందరికి నచ్చకపోవచ్చును.

ఈ లడ్డును నేను మందుగా సిఫారసు చేయడం లేదు. అట్లని మన ఇళ్ళలోని పరిస్థితిని చెప్పకుండా ఉండనూలేను. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలనుండి ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. ఇది పేద ఇళ్ళ వ్యాధి మాత్రమే అనుకోవద్దు. రేడియో ఉన్న ఇంట కూడా పాలిపోయిన పెదవులతో, ఆటకు పోకుండా గడపలో కూర్చునే పిల్లవాడు ఉండవచ్చును. వానిని సోమరి అని కసరకముందు రక్తపరీక్ష చేయించండి. వైద్యుడు ఇచ్చిన ఇనుపధాతువు మందును మానకుండా ఇవ్వండి. ఆకుకూర, పప్పు, రాగిజావ, నువ్వులుండ ఇంటి వంటలోనివే. వాటితోపాటు నిమ్మకాయో, ఉసిరికాయో, జామపండో ఇస్తే ఆహారంలోని ఇనుము ఒంటికి బాగుగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే ఆ మేలు చాలవరకు పోతుంది. పిల్లలకు చాయ అలవాటు చేసే ఇళ్ళు మన జిల్లాలలో తక్కువేమీ కాదు.

ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలలలో రాలుతాయి. తెల్లవారకమునుపే తల్లులు, పిల్లలు బుట్టలు పట్టుకొని చెట్లకిందికి పోతారు. ఎండ ముదిరేలోగా ఏరడం ముగించి, పూలను వాకిట ఆరబెడతారు. ఆ రోజులలో ఉట్నూరు దారిన పోయేవారు చీకటితో బయలుదేరితే ఆ వాసన బస్సులోనికే వస్తుంది.