గుర్రం డెక్కను మనమే చూసుకుందాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 వస్తే మనం థింసా ఆడతాం, మన భూమి గురించి, మన హక్కుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నిర్వాహకులు మాకు కొంచెం సమయం ఇచ్చి గుర్రాల గురించి చెప్పమన్నారు. మేము గుర్రాలు పెంచే ఇళ్ల వాళ్లం. గుర్రం గురించి చెప్పాలంటే చాలా ఉంది. అందుకే ఈ రోజు ఒక్క విషయమే తీసుకున్నాం. అది గుర్రం డెక్క. కొందరు గిట్ట అంటారు. లాడం లేకుండా నడిచే గుర్రం డెక్కను ఎలా చూసుకోవాలో, ఎప్పుడు, ఎంత కోయాలో చెబుతాం.

ఇది ఎందుకు ముఖ్యమో మీకు తెలియనిది కాదు. పాడేరు ఏజెన్సీలో రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి పైకి ఇంకా ఊళ్లున్నాయి. మిరియాలు, కాఫీ, పసుపు, రాజ్‌మా దిగాలన్నా, డిపో బియ్యం, ఉప్పు, నూనె ఎక్కాలన్నా ఆ ఊళ్లకు గుర్రమే ఆధారం. ఆ గుర్రం కుంటితే బస్తా మన నెత్తి మీదికి వస్తుంది. సంతకు వెళ్లలేని వారం గుమ్మం దగ్గరికి వచ్చిన షావుకారు చెప్పిందే ధర. కుంటి గుర్రాన్ని అయినకాడికి అమ్మేస్తారు, లేదంటే వదిలేస్తారు. మేము చూసినంతలో కుంటు చాలాసార్లు డెక్కలోనే మొదలవుతుంది. అందులో చాలా భాగం ముందే చూసుకుంటే రాకుండా ఆపవచ్చు.

డెక్క అంటే ఏమిటి

ఆవుకు, మేకకు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. గుర్రానికి చీలిక లేదు. ఒక్కో కాలికి ఒక్క వేలి మీదే అది నిలబడుతుంది. మన చేతి మధ్యవేలు, దాని గోరు ఊహించుకోండి. గుర్రం డెక్క ఆ గోరు లాంటిదే. రెండూ కెరాటిన్ అనే పదార్థంతోనే తయారవుతాయి.

కాలు ఎత్తి అడుగు భాగం చూస్తే నాలుగు భాగాలు కనిపిస్తాయి. చుట్టూ గట్టిగా ఉన్నది డెక్క గోడ. లోపల కాస్త గుంటగా ఉన్నది అరికాలు. గోడ, అరికాలు కలిసే చోట లేత రంగులో సన్నని గీత ఉంటుంది. వెనక మడమ దగ్గర మొదలై ముందుకు సన్నబడుతూ వచ్చే మూడుమూలల మెత్తని భాగం ఇంకొకటి. దాన్ని పశువైద్యులు 'ఫ్రాగ్' అంటారు. ఈ నాలుగింటినీ గుర్తుపట్టగలిగితే సగం పని వచ్చినట్టే. వీటికి లోపల ఎముక, రక్తం, నొప్పి తెలిసే మాంసం ఉన్నాయి. గుర్రం అడుగు వేసినప్పుడు మడమ భాగం కొంచెం విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు దగ్గరకు వస్తుంది. దానివల్ల అడుగు దెబ్బ తగ్గుతుంది, కాలిలోని రక్తం పైకి వెళ్లడానికి సాయం అవుతుంది.

డెక్క గోడ నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన గోడ కింద ముందు కొనకు చేరడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే ఈ రోజు మీరు మొదలుపెట్టిన మంచి సంరక్షణ పూర్తిగా కనిపించేది వచ్చే ఏడు ఇదే పండగకు.

లాడం లేదంటే పని లేదని కాదు

లాడాలు కొట్టడం యూరప్‌లో బాగా వ్యాపించి సుమారు వెయ్యేళ్లు అయింది. అంతకు ముందు గుర్రాలు లాడం లేకుండానే యుద్ధాలకు కూడా వెళ్లాయి. మంగోలియా గడ్డి మైదానాల్లో ఇప్పటికీ చాలా గుర్రాలకు లాడాలు ఉండవు. కాబట్టి లాడం లేని గుర్రం తక్కువదేమీ కాదు.

అయితే అక్కడే ఒక పొరపాటు ఆలోచన పుడుతుంది. అడవి గుర్రానికి ఎవరు డెక్క కోస్తున్నారు, మనదానికి మాత్రం ఎందుకు అంటారు. అడవి గుర్రం రోజంతా ఎండు నేల మీద, రాళ్ల మీద మైళ్లకు మైళ్లు తిరుగుతుంది. పెరిగినంత అరుగుతుంది. మన గుర్రం అలా బతకడం లేదు. వానాకాలం నాలుగు నెలలు గుంజకు కట్టి బురదలో నిలబడుతుంది. అప్పుడు డెక్క పెరుగుతుంది కానీ అరగదు. ముందు భాగం పొడుగవుతుంది, అంచులు పక్కలకు విచ్చుకుంటాయి, చీలుతాయి. పంట చేతికొచ్చాక అదే గుర్రం బరువుతో సిమెంటు రోడ్డు మీద, తారు రోడ్డు మీద దిగుతుంది. అప్పుడు పెరిగే దానికంటే ఎక్కువ అరుగుతుంది. కొన్నాళ్లు పెరుగుడు, కొన్నాళ్లు అరుగుడు. ఈ రెండింటి మధ్య సమం చేయడమే మన పని.

రోజూ చేయవలసింది

గుర్రం వెనక నిలబడవద్దు. భుజం పక్కన, తోక వైపు ముఖం పెట్టి నిలబడండి. పేరు పెట్టి పిలుస్తూ చెయ్యి భుజం నుంచి కిందికి జార్చండి. కాలు దానంతట అది ఎత్తే వరకు తొందరపెట్టవద్దు. మొద్దు కొన ఉన్న ఇనుప కొక్కెంతో మడమ నుంచి ముందుకు మట్టి, రాళ్లు తీయండి. ఫ్రాగ్‌కు అటూ ఇటూ ఉన్న గాళ్లు శుభ్రం చేయండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. చెడు వాసనతో నల్లటి జిగురు కనిపిస్తే డెక్క కుళ్లు మొదలైనట్టు. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నీళ్లు కలిపిన పొవిడోన్ అయోడిన్ గాళ్లలోకి చేరేలా రాయాలి. పాత ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ యాసిడ్ లాంటివి పోయకండి. అవి లోపలి మాంసాన్ని కాలుస్తాయి.

కుళ్లుకు అసలు మందు పొడి నేల. గ్రీకు దేశపు సైనికుడు, రచయిత జెనొఫోన్ 2,300 ఏళ్లకు ముందే గుర్రపు స్వారీ మీద ఒక పుస్తకం రాశాడు. గుర్రం నిలబడే చోట గుండ్రటి రాళ్లు పరిస్తే డెక్క గట్టిపడుతుందని అందులో చెప్పాడు. మనకు గెడ్డల్లో గులకరాళ్లకు కొదవ లేదు. గుంజ చుట్టూ నాలుగు తట్టల రాళ్లు పరచండి. నీరు కిందికి దిగిపోతుంది, డెక్క బురదలో నానదు. పైసా ఖర్చు లేదు.

కోత ఎలా

ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి డెక్క చూసి కోయాలి. వంకర కత్తి, డెక్క గోడను కొరికే పట్టకారు, పెద్ద ఆకురాయి ఉంటే చాలు. బజారులో దొరకకపోతే మన కమ్మర అన్నదమ్ములు ఉన్నారు. నమూనా చూపిస్తే కత్తి వాళ్లే చేసి ఇస్తారు. ఎండాకాలం డెక్క రాయిలా ఉంటుంది. కాసేపు నీటిలో నిలబెట్టాక కోస్తే చెయ్యి నొప్పి పుట్టదు.

ముందు నిలబడిన గుర్రాన్ని పక్క నుంచి చూడండి. డెక్క ముందు గోడ వాలు, దాని పైనున్న కాలి వాలు ఒకే గీతలో ఉండాలి. డెక్క దగ్గర గీత విరిగినట్టు ముందుకు సాగితే కొన పొడుగైందని అర్థం. తరవాత కాలు ఎత్తి అడుగు చూడండి. అరికాలి అంచు కంటే బాగా పైకి పెరిగిన గోడనే తీయాలి. అరికాలికి సమంగా గాని, ఒక మిల్లీమీటరు ఎత్తుగా గాని వదలండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. చివరగా బయటి అంచును ఆకురాయితో గుండ్రం చేయండి. పదునుగా వదిలిన అంచు రాయికి తగిలి పెచ్చులు ఊడుతుంది, గుండ్రం చేసింది ఊడదు.

అరికాలిని పలచగా చెక్కవద్దు. దారిలో రాళ్ల నుంచి కాపాడేది ఆ మందమే. ఫ్రాగ్‌లో వేలాడే ముక్కలు తప్ప ఇంకేమీ కోయవద్దు. గులాబీ రంగు కనిపించిందంటే అక్కడితో ఆపాలి. ఆరు నెలల పెరుగుదలను ఒక్క రోజులో సరిచేద్దామని చూడకండి. వారం వారం ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గించండి. మొదటి కొన్నిసార్లు పశువైద్యుడి ముందు గాని, చెయ్యి తిరిగిన వాళ్ల ముందు గాని చేసి నేర్చుకోండి.

అప్పటిదాకా లాడంతో నడిచిన గుర్రానికి లాడం తీసేస్తే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కాళ్లు సున్నితంగా ఉంటాయి. ఆ కాలంలో మెత్తటి నేల మీద, బరువు లేకుండా నడిపించాలి. రోజూ తారు రోడ్డు మీదే పని ఉండి, అరుగుడు పెరుగుడును మించిపోతుంటే ఆ గుర్రానికి లాడం కావాలి. ఇందులో పట్టుదలకు పోవద్దు. గుర్రం నడక చూసి నిర్ణయించుకోవాలి.

వెంటనే డాక్టరును పిలవాల్సినవి

డెక్క ముట్టుకుంటే వేడిగా ఉండి, గుర్రం ముందు కాళ్లు ముందుకు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడిందంటే డెక్క లోపల వాపు వచ్చిందని అనుమానించాలి. వైద్యులు దీన్ని లామినైటిస్ అంటారు. ఒక్కసారిగా ఎక్కువ గింజలు, నూకలు, బెల్లం పెట్టడం దీనికి ఒక పెద్ద కారణం. పండగ రోజు ప్రేమ కొద్దీ తట్టెడు అన్నం పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. డాక్టరు వచ్చేలోగా కాళ్లు చల్లటి నీటిలో ఉంచండి, నడిపించకండి.

నిన్న బాగున్న గుర్రం ఈ రోజు ఒక కాలు నేల మీద పెట్టలేకపోతే డెక్కలో చీము పట్టి ఉండవచ్చు. మేకు దిగితే ముందు ఫోనులో ఫొటో తీయండి. ఎక్కడ, ఎంత లోతుకు దిగిందో డాక్టరుకు తెలియాలి. గుర్రానికి ధనుర్వాతం చాలా సులువుగా వస్తుంది. వస్తే బతకడం కష్టం. కాబట్టి గాయం కాకముందే టీకా వేయించి ఉంచండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయవచ్చు. సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కడుందో మనకు తెలుసు కదా.

బరువు గురించి ఒక మాట చెప్పాలి. భారం మోసే పశువుల మీద క్రూరత్వం ఆపడానికి 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం పోనీ గుర్రం వీపు మీద 70 కిలోలకు మించి వేయకూడదు. మన గుర్రాలు పొట్టివి. ఒక బస్తా మీద ఇంకో బస్తా వేసి, దాని మీద మనం కూడా ఎక్కితే ఆ భారమంతా నాలుగు డెక్కల మీదే పడుతుంది. ఎంత బాగా కోసినా ఆ డెక్క నిలవదు.

మీరు చేయగలిగింది

ఉత్తర భారతంలో లాడాలు కొట్టి డెక్కలు చూసే నాల్‌బందులు ఉన్నారు. మీరట్‌లో సైన్యానికి గుర్రాల విభాగం ఉంది. హిసార్‌లో గుర్రాల మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం ఉంది. వాళ్లెవరూ మన కొండ ఎక్కి రారు. అందుకే ప్రతి ఊరిలో ఇద్దరు నేర్చుకోవాలని మా కోరిక. ఒక తమ్ముడు, ఒక చెల్లి అయితే ఇంకా మంచిది. దీనికి బలం కంటే ఓర్పు ఎక్కువ కావాలి. ఒక కత్తి, ఒక పట్టకారు, ఒక ఆకురాయి ఊరంతటికీ కలిపి కొనుక్కోవచ్చు. నెలకొకసారి ప్రతి డెక్కకు పక్క నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి ఫొటో తీసి తేదీతో దాచండి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఫొటోలే మీకు పాఠం చెబుతాయి.

ఇంకో పని కూడా ఉంది. డెక్కలో ఒక్కో భాగానికి, ఒక్కో జబ్బుకు మన తాతలకు పేర్లు తెలుసు. కువిలో ఒకటి, ఆదివాసీ ఒడియాలో ఒకటి, గదబ మాటల్లో ఇంకొకటి. వాళ్లు ఏ ఆకు వాడేవాళ్లు, ఏ నెలలో డెక్క చూసేవాళ్లు, అడిగి రికార్డు చేయండి. ఈ సంఘం పాటలను దాచినట్టే ఆ మాటలను కూడా దాచాలి.

రోడ్లు రావాలి. వాటి కోసం అడుగుతూనే ఉందాం. రోడ్డు వచ్చిన ఊరికి బండి వస్తుంది, మంచిదే. అది వచ్చేదాకా మన పంటను, కొన్నిసార్లు మన జబ్బు మనిషిని కూడా కిందికి దించేది ఈ జీవమే. రేపు ఇంటికి వెళ్లాక దాని ఒక కాలు ఎత్తి అడుగు చూడండి. మేము చెప్పిన ఆ నాలుగు భాగాలు గుర్తుపట్టండి. తెలియకపోతే మమ్మల్ని పిలవండి, మేము వస్తాం.

 జై ఆదివాసీ!