గత్తం ఎవరిది?

(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉక్కు, ఓడరేవు అని చెప్పుకునే ఊళ్లో పేడ గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నిజానికి ఓడరేవుకీ పేడకీ సంబంధం ఉంది.

1967లో ఇక్కడ కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. భాస్వరపు ఎరువులకు కావలసిన ముడిరాయి, ఆమ్లం మన దేశానికి నేటికీ ఎక్కువగా విదేశాల నుంచే ఓడల మీద వస్తాయి. పొటాష్ దాదాపు మొత్తం దిగుమతే. అదే నత్రజని, భాస్వరం, పొటాష్ అనకాపల్లి, చోడవరం వైపు ప్రతి పశువులశాలలోనూ ఉన్నాయి. వాటిని రోజూ గంపకెత్తి గత్తం కుప్పకు చేర్చేది ఎక్కువగా స్త్రీలే.

ఇది తెలివితో చేసే పని. పేడను పిడక చేసి కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. కుప్ప ఎండలో ఆరితే అది అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. వానకు తడిస్తే సారం కొట్టుకుపోతుంది. పశువు మూత్రం నేలలో ఇంకితే నత్రజని, పొటాష్‌లలో పెద్ద వాటా పోయినట్టే. అందుకే శాలలో గడ్డీగాదం పరిచి దాన్ని పీల్పిస్తారు. గోబర్ గ్యాస్ ప్లాంటుంటే పొయ్యికి మంటా దక్కుతుంది, చేనుకు ఎరువూ మిగులుతుంది.

మరి ఈ పని లెక్కల్లో ఎక్కడుంది? ఇంటిపనితో పాటు వంటచెరకు, పశుగ్రాసం వంటివి సేకరించుకునే వారికి జాతీయ నమూనా సర్వేలో 93 అనే కోడ్ వేస్తారు. ఆ కోడ్ పడినవారు శ్రామికశక్తిలోకి రారు. చేనుకు ఎరువు తయారుచేయడం సేద్యమే. అయినా "ఏం పని చేస్తావమ్మా?" అంటే "ఇంట్లోనే ఉంటాను" అని ఆమె చేతనే అనిపిస్తుంది పితృస్వామ్యం.

ఇప్పుడు పేడకు ధర వచ్చింది. గోబర్ధన్ ప్లాంట్ల సేంద్రియ ఎరువుకు టన్నుకు 1500 రూపాయల సాయాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. ఆ లెక్క ప్లాంటు గేటు దగ్గర మొదలవుతుంది, శాల గుమ్మం దగ్గర కాదు. మన రాష్ట్రంలో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి మహిళా సంఘాలే ఆధారం. ఘనజీవామృతం కలిపే చేతులు ఆమెవి. పాసుపుస్తకంలో పేరు చాలా ఇళ్లలో ఆయనది.

అందుకే మనం అడగవలసినవి ఇవి. పేడ అమ్మితే డబ్బు ఆమె ఖాతాలో పడాలి. గ్యాస్ ప్లాంటు రుణం, సబ్సిడీ ఆమె పేరునో, ఉమ్మడి పేరునో ఇవ్వాలి. గత్తం గుంటకు పందిరి, మోతకు తోపుడుబండి, చేతులకు తొడుగులు వ్యవసాయ పరికరాల కిందే ఇవ్వాలి.

ఇక మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఎన్యూమరేటరు గుమ్మంలోకి వచ్చి "ఇంటిపని" అని రాయబోతే ఆపండి. "నేను ఎరువు తయారుచేస్తాను, సేద్యం చేస్తాను" అని రాయించండి.