సోదాకీ ఒక పద్ధతుంది
(వాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



గంజాయి కేసు మామూలు కేసు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు గగనం. మూట మోసిన కూలోడు లోపలుంటాడు, మూట కట్టించిన షావుకారు బయటుంటాడు. గంజాయి జోలికి పోవద్దనే మేం చెప్తాం. అయినా చెయ్యని నేరంలో ఇరుక్కోకుండా ఉండాలంటే సోదా పద్ధతి మనకు తెలియాలి.

ఇల్లు వెతకడానికి మేజిస్ట్రేటు వారంటు ఇవ్వొచ్చు. అధికారం పొందిన గెజిటెడ్ ఆఫీసరు ఆజ్ఞ ఇవ్వొచ్చు, తానే రావొచ్చు. అవేవీ లేకుండా వస్తారా? వస్తారు. 42వ సెక్షన్ కింద, అధికారమున్న ఆఫీసరు పొద్దుపొడిచాక, పొద్దుగూకేలోగా రావొచ్చు. కానీ తనకందిన సమాచారాన్ని ముందు కాగితమ్మీద పెట్టాలి. రాత్రిపూటైతే, వారంటు తెచ్చేలోగా సరుకు మాయమవుతుందనో మనిషి పారిపోతాడనో ఎందుకు నమ్మాడో అదీ రాయాలి. ఆ నకలు 72 గంటల్లో పైఅధికారికి పంపాలి. ఇదంతా బొత్తిగా వదిలేస్తే కుదరదని 2009లో కర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు, బస్టాండు లాంటి చోట్ల మాత్రం 43వ సెక్షన్ కింద వారంటు లేకుండానే వెతకొచ్చు.

మనిషి ఒంటిని వెతకాలంటే 50వ సెక్షన్ ఉంది. "గెజిటెడ్ ఆఫీసరు ముందో మేజిస్ట్రేటు ముందో వెతకమని అడిగే హక్కు నీకుంది" అని ముందే చెప్పాలి. 1999లో, మళ్లీ 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు ఈ మాటే గట్టిగా చెప్పాయి. ఆడవాళ్లని ఆడవాళ్లే వెతకాలి. అయితే చేతిలో ఉన్న సంచికి ఈ హక్కు వర్తించదని 2005లో తీర్పొచ్చింది. అందుకే బస్సులో ఎవరో "కాస్త పట్టుకో తమ్ముడూ" అంటే పట్టుకోవద్దు.

మరి మనమేం చెయ్యాలి? అడ్డం పడొద్దు, చెయ్యెత్తొద్దు. వచ్చినాయన పేరు, హోదా, వచ్చిన టైము రాసుకోండి. సోదా అయ్యేదాకా ఇంటివాళ్లు అక్కడే ఉండొచ్చు. సాక్షుల సంతకాలతో జాబితా నకలు అడిగి తీసుకోండి. 2024 జులై 1 నించి అమలైన కొత్త సంహిత ప్రకారం సోదాని వీడియో తియ్యాలి. చదవకుండా సంతకం పెట్టొద్దు. తెల్లకాగితమ్మీద వేలిముద్ర అసలే వెయ్యొద్దు. అవ్వ పక్కన చదువొచ్చిన పిల్లను నిలబెట్టండి.

నమ్మదగ్గ కారణం లేకుండా ఇల్లు వెతికిన ఆఫీసరుకీ 58వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుంది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలునివ్వాలి. అది దయ కాదు, 1987 నాటి చట్టం.

చట్టం వాళ్ల చేతిలో లాఠీ ఒక్కటే కాదు. మనం చదువుకుంటే మన చేతిలో కాగితం కూడా.