నిద్రపోని కార్యకర్తకి చప్పట్లు కొట్టకండి

(2025 ఆగస్టు 6న రెంటచింతల దళితవాడలో జరిగిన చుండూరు అమరుల సంస్మరణ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ ఆగస్టు 6. 1991లో ఇదే రోజున చుండూరులో మనవాళ్లని ఎనిమిది మందిని వెంటాడి చంపారు. శవాలని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఏటా ఈ రోజున వాళ్లని తలుచుకుంటన్నాం. తలుచుకోవాలి.

ఇదే ఆగస్టు 6న, పదేళ్ల తర్వాత, 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో ఇంకో ఘోరం జరిగింది. దర్గా దగ్గర పాకల్లో మానసిక జబ్బులున్నవాళ్లని గొలుసులేసి కట్టి ఉంచారు. తెల్లారగట్ట పాకకి నిప్పంటుకుంది. పరిగెత్తే వీల్లేక 28 మంది కాలిపోయారు. వాళ్ల పేర్లు చదివే సభ మనం చూడలా. వాళ్లకీ మనకీ ఏంది సంబంధం అంటారేమో. ఆ గొలుసు ఈ వాడలో మా గడప దాకా వచ్చింది. ఆ సంగతి చెప్పటానికే ఇవాళ మైకు అడిగాం.

మా సంగతి మీకు తెలుసు. మా నాయన పాలేరు. మా అమ్మ మిరపకోతలకి కూలికి పోయింది. మా వంశంలో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇరవై ఏళ్లుగా బడిపంతులు పని చేస్తన్నాం. మీకు తెలియంది ఒకటుంది. మాకు బైపోలార్ డిజార్డర్ అనే జబ్బుంది. 2011 నుంచి మందులు మింగుతున్నాం. ‘మేము’ అంటంది గొప్పకి కాదు. జబ్బు ఈ ఒక్క ఒంట్లోనే ఉన్నా, మోసేది ముగ్గురం. మేం, మా ఇంటామె, మా అమ్మాయి. అందుకని మేము అనే అంటాం.

ఇది ఎక్కుడు దిగుడు జబ్బు. కొన్నాళ్లు సాగర్ గేట్లన్నీ ఎత్తినట్టు ఉంటది. నిద్ర అక్కర్లేదు, ఆకలి లేదు, నోరు ఆగదు, డబ్బు చేతిలో నిలవదు, లోకాన్నంతా మనమే మార్చగలం అనిపిస్తది. ఇంకొన్నాళ్లు కాలవ ఎండిపోద్ది. మంచం మీంచి లేవటానికి కాళ్లు రావు. బతికెందుకు అనిపిస్తది. ఇది గాలి సోకటం కాదు, చేతబడి కాదు, చదువు ఎక్కువై పిచ్చెక్కటం అసలే కాదు. షుగరూ బీపీ లాగా ఇదీ ఒంట్లో జబ్బే. మందులున్నాయి. వేసుకుంటే బతుకు నడుస్తది.

మరి ఇన్నేళ్లు ఎందుకు దాచారు అని అడుగుతారు. మాదిగోడు కుర్చీలో కూర్చుని హాజరు పిలుస్తంటేనే ఓర్వలేని ఊళ్లు మనవి. ‘పిచ్చి పంతులు’ అనే మాట కూడా వాళ్ల చేతికి ఇస్తే ఏం చేస్తారో మాకు తెలుసు. మీకూ తెలుసు, 2020లో మీరంతా చూశారు.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్ గారు మనవారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా ముంచుకొస్తంటే, డాక్టర్లకి ఎన్-95 మాస్కులు ఇవ్వటం లేదని బహిరంగంగా చెప్పారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో నడిరోడ్డు మీద, ఒంటిమీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు పట్టుకుపోవటం రాష్ట్రమంతా చూసింది. అక్కణ్ణించి మానసిక ఆసుపత్రికి చేర్చారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో ఆయన చనిపోయారు. ఆయనకి జబ్బు ఉందా లేదా అనేది డాక్టర్లు తేల్చే సంగతి. మా ప్రశ్న వేరు. ఉన్నా సరే, జబ్బు మనిషిని తాళ్లతో కట్టమని ఏ చట్టంలో ఉంది? ప్రశ్న అడిగిన దళితుడి నోరు మూయటానికి ‘మెంటల్’ అనే ఒక్క మాట చాలని ఆ రోజు అర్థమైంది. ఆ వీడియో వచ్చిన రోజు మేం ఇంట్లో తలుపులేసుకుని పడుకునున్నాం. అప్పటికి మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాం.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. మిరపకోతలు ఆఖరికొచ్చినయి. పొందుగుల దగ్గర హైదరాబాదు నుంచి వచ్చే జనాన్ని ఆపేశారు. బస్సులు ఆగినయి. మా డబ్బాలో పన్నెండు రోజులకి సరిపడా లిథియం బిళ్లలున్నాయి. ఆ బిళ్ల మన ఊళ్లో దొరకలేదు. మేం తెచ్చుకునేది గుంటూరు నుంచి. ఏప్రిల్లో నరసరావుపేటలో కేసులు పెరిగి పట్నం మొత్తం కట్టడి చేశారు. రోజుకి రెండు వేసుకునేది ఒకటి చేశాం. తర్వాత రోజు మార్చి రోజు. తర్వాత అదీ లేదు.

మందు ఆగినాక మాకు చానా బాగనిపించింది. ఈ జబ్బులో ఉన్న మోసమంతా అదే. కర్నూలు నుంచి మిరపకోతలకి వచ్చిన కూలీలు పొలాల్లో గుడారాల్లో ఇరుక్కుపోయారు. వాళ్లకి బియ్యం పంచే పని పెట్టుకున్నాం. పని మంచిదే. మాతోపాటు పది మంది చేశారు. వాళ్లు రాత్రికి ఇంటికి పోయి పడుకున్నారు. మేం పడుకోలా. ఐదు రాత్రులు కన్ను మూయలా. మా ఇంటామె కమ్మలు తాకట్టు పెట్టి బస్తాలు కొన్నాం. రాత్రి రెండింటికి కార్యకర్తలకి ఫోన్లు చేసి జిల్లా మొత్తం పంచుదాం రమ్మన్నాం. అందరూ మెచ్చుకున్నారు. “మాస్టారు మనిషి కాదు, మిషను” అన్నారు. ఫోన్లలో ఫొటోలు పెట్టారు.

ఒక్క మనిషి మాత్రం మెచ్చుకోలా. మా ఇంటామె. ఐదో తరగతి చదివింది. “ఈయనకి నిద్ర పోయింది. జబ్బెక్కతంది. ఆపండన్నా, ఇంటికి తోలండి” అని మన నాయకులకి చెప్పింది. ఆడమనిషి ఉద్యమానికి అడ్డం పడతంది అని నవ్వారు. ఏడో రోజున చెక్‌పోస్టు దగ్గర పోలీసులతో తగువుపెట్టుకుని లాఠీ దెబ్బలు తిన్నాం. ఇంటికి తెచ్చి పడేశాక కూడా ఆగలా. అరుపులు, పరుగులు. అప్పుడు మా చిన్నాయన పశువుల కొట్టంలోంచి గొలుసు తెచ్చాడు. ఆయనకి మామీద కోపం లేదు. భయం. పోలీసులు మళ్లీ కొడతారని భయం. మా ఇంటామె గడపకి అడ్డంగా నిలబడి, “కట్టేదయితే నన్నుగూడా కట్టు చినమావా” అంది. గొలుసు గడప దాటలా.

డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడింది ఆమే. పాలవ్యాను డ్రైవరుని బతిమాలి గుంటూరు నుంచి బిళ్లలు తెప్పించిందీ ఆమే.

అక్కడితో అయిపోలా. మన రెంటచింతల పేరు రాష్ట్రానికి ఎందుకు తెలుసు? ఎండకి. వేసవిలో వార్తలు పెడితే మన ఊరి పేరే. లిథియం ఒక రకం ఉప్పు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఈ జబ్బుకి అది పనిచేస్తదని కనిపెట్టాడు. రక్తంలో అది తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే విషం. ఆ రెంటి మధ్యనున్న సందు చానా ఇరుకు. చెమటకి ఒంట్లో నీరూ ఉప్పూ పోతే లిథియం లోపలే నిలబడిపోద్ది. వాంతులూ విరేచనాలూ పట్టినా అంతే. కొన్ని నొప్పి బిళ్లలు కూడా దాన్ని బయటికి పోనియ్యవు. ఇవి మాకు అప్పుడు తెలియవు. లాఠీ దెబ్బలకి నొప్పి బిళ్లలు మింగతన్నాం. పైన మే నెల ఎండ. చేతులు వణికినయి. నాలుక మొద్దుబారింది. నడిస్తే తూలు. మే 4నే మందు షాపులు తెరిచారు. ఇంకేముంది, “పంతులు తాగి తూలతన్నాడు” అన్నారు. ఫోన్లో డాక్టరు గారు రెండు రకాల బిళ్లలూ ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. సెలైన్లు ఎక్కించి బతికించారు. ఈ మందు వేసుకునేవాళ్లు ఈ వాడలో ఇంకెవరన్నా ఉంటే చెవినెయ్యండి. ఎండలో నీళ్లు తాగండి. ఉన్నట్టుండి ఉప్పు మానెయ్యొద్దు. డాక్టరుని అడక్కుండా నొప్పి బిళ్ల మింగొద్దు. వాంతులో, వణుకో, తూలో వస్తే ఆగకుండా ఆసుపత్రికి పోండి. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోండి.

జూన్ నుంచి కాలవ ఎండిపోయింది. నాలుగు నెలలు మంచం. పళ్లు తోముకోవటం కొండెక్కినంత పని. మీటింగులకి రాలా, ఫోను ఎత్తలా. ఏప్రిల్లో మిషను అన్నవాళ్లే ఇప్పుడు “పంతులు చల్లబడ్డాడు, ఎవరో కొనేశారు” అన్నారు. లాఠీ దెబ్బ కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. అది మీ తప్పని అనం. మేం చెప్పలేదు, మీకు తెలియలేదు. అయినా ఒక్కటి అడుగుతాం. పదేళ్లు మీతో నడిచిన మనిషి లేవకపోతే, అమ్ముడుపోయాడేమో అని తట్టిన బుర్రకి, జబ్బుపడ్డాడేమో అని ఎందుకు తట్టలా?

లేచింది ఎట్టాగంటే, మా ఇంటామె గోడమీద క్యాలెండరులో రోజుకి మూడు గీతలు పెట్టింది. పడుకున్నందుకు ఒకటి, బిళ్ల వేసుకున్నందుకు ఒకటి, నీళ్లు పోసుకున్నందుకు ఒకటి. అంతకంటే ఎక్కువ అడగలా. మూడు గీతలు పడితే ఆ రోజు గెలిచినట్టే. మా అమ్మాయి మంచం పక్కన కూర్చుని పాఠాలు పైకి చదివేది. మేం తప్పులు దిద్దేవాళ్లం. పంతులు ఉద్యోగంలో మాకు మిగిలింది అదొక్కటే. నవంబరు 2న బడులు తెరిచారు. మొదటి రోజు బోర్డు మీద తేదీ రాసి కూర్చున్నాం. పిల్లలు మాస్కుల్లోంచి ఎక్కాలు చెప్పారు. ఆ రోజుకి అదే మా పాఠం.

2021లో రెండో అల వచ్చింది. మా అమ్మ పోయింది. ఆసుపత్రి నుంచి సరాసరి స్మశానానికి. మొహం కూడా సరిగా చూడలా. ఏడ్చాం. మేం మళ్లీ పడిపోతామని అందరూ భయపడ్డారు. పడిపోలా. ఎందుకంటే ఇంట్లో రెండు నెలల బిళ్లలున్నాయి. క్యాలెండరులో గీతలు తప్పలా. రెండు రాత్రులు నిద్ర లేకపోతే డాక్టరుకి ఫోను చెయ్యమని మా అమ్మాయికి కూడా చెప్పి ఉంచాం. ఏడుపు వేరు, జబ్బు వేరు. మనిషి పోతే ఏడవటం ఆరోగ్యం.

అంబేడ్కర్ గారికి షుగరు జబ్బుండేది. రాజ్యాంగం పని నడుస్తున్న రోజుల్లోనే ఒళ్లు బాగలేక వైద్యం చేయించుకున్నారు. 1948లో ఆయన చేసుకున్న సవితమ్మ గారు డాక్టరు. ఆయన చదువు గురించి చెబుతాం, త్యాగం గురించి చెబుతాం. ఆయన వేళకి మందు తీసుకున్నాడని మాత్రం చెప్పం. బాబాసాహెబుకి కూడా చూసుకునే మనిషి కావాల్సొచ్చింది. మనమెంత?

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. ఈ జబ్బున్న ప్రతి పది మందిలో ఏడుగురికి వైద్యం అందటంలేదని తేలింది. మన ఆంధ్ర ఆ 12లో లేదు. ఆ సర్వేలో మన లెక్క తీయలా.

చట్టాలు మాత్రం ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఎవర్నీ గొలుసులతో కట్టకూడదు. జబ్బు మనిషిని పోలీసు లాకప్పులో పెట్టకూడదు. దారిద్య్రరేఖకి దిగువనున్నవాళ్లకి, కార్డు ఉన్నా లేకపోయినా, సర్కారు ఆసుపత్రిలో వైద్యం ఉచితం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా ఈ జబ్బు వచ్చిందని సర్కారు ఉద్యోగిని తీసేయటానికి వీల్లేదు. ఆ ధైర్యంతోనే ఇవాళ మీ ముందు నోరు తెరిచాం. 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. 2022 అక్టోబరు నుంచి ఉంది. రాసుకోండి. చదువు రానివాళ్లకి పక్కవాళ్లు రాసివ్వండి.

ఇక మన సంఘాన్ని నాలుగు అడుగుతాం.

ఒకటి. నిద్రపోని కార్యకర్తకి చప్పట్లు కొట్టకండి. ఇంటికి తోలండి. పని తెల్లారి కూడా ఉంటది.

రెండు. రాకుండా పోయిన కార్యకర్త మీద తీర్మానం చేసేముందు ఇద్దరు పోయి ఆ ఇంట్లో కూర్చోండి. ఇంటామె ఏం చెబుతందో వినండి.

మూడు. ఏ వాడలోనన్నా మనిషిని కట్టేశారని తెలిస్తే, కట్టినవాళ్లని తిట్టటం తర్వాత. ముందు ఆటో మాట్లాడి, కూడా పోయి డాక్టరుకి చూపించండి. బిళ్లలకి, రక్తపరీక్షకి నెలకి ఇంత అని సంఘం డబ్బాలో పక్కన పెట్టండి.

నాలుగు. మన మీటింగుల్లో ఎదుటి పార్టీవాణ్ణి తిట్టటానికి ‘మెంటల్’ అనకండి. ఆ మాట ఎప్పుడన్నా తిరిగొచ్చి మనకే తగులుద్ది. సుధాకర్ గారికి తగిలింది.

చుండూరులో మనవాళ్లని చంపినోళ్లు బయటివాళ్లు. ఈ జబ్బుతో లోపల్లోపల పోతన్నవాళ్లని కాపాడుకోవటం మన చేతుల్లో పని.

తొమ్మిది కావస్తంది. సభ ఇంక నడపకండి. మా బిళ్ల వేళయింది. మా ఇంటామె అదుగో, ఆ చెట్టుకింద నిలబడి చూస్తంది. గీత పెట్టాలి గదా.

జై భీమ్.