క్రిస్మస్ తాతను గూర్చి పిల్లలకు ఏమి చెప్పుదము?



ఒక ఏడు క్యారల్స్ ముగిసిన రాత్రి మా ఆరేండ్ల అమ్మాయి, "నాన్నా, క్రిస్మస్ తాత కాళ్లకు మన సంఘపెద్దగారి చెప్పులున్నవేమి?" అని అడిగినది. తాత అరువు తెచ్చుకొన్నాడని చెప్పి నవ్వుకొంటిమి. మరుసటి ఏటికి సంగతి తెలిసిపోయినది. ఏడ్వలేదు గాని, "యేసుప్రభువు సంగతి కూడ ఇంతేనా?" అన్నది. వేదాంత కళాశాలలో చదివివచ్చిన మాకు ఆ పూట అన్నము సహింపలేదు.

చెప్పుటకు సత్యమే ఉన్నది గదా! రోమాకు పోవుచు పౌలు ఓడ మారిన మూర పట్టణము, ఇప్పటి టర్కీ దేశములోనిది. 4వ శతాబ్దమున అక్కడ నికొలాసను బిషప్పుండెను. కట్నమియ్యలేని ఒక తండ్రి ముగ్గురు కుమార్తెల కొరకు రాత్రివేళ రహస్యముగా బంగారము వేసెనని సంప్రదాయము. కట్నపు బాధ మన ఇండ్లకు క్రొత్తది కాదు. డిసెంబరు 6 ఆయన జ్ఞాపకదినము. జింకల బండి మాత్రము 19వ శతాబ్దమున అమెరికావారు చేర్చినది.

ఇదంతయు అమ్మాయికి చెప్పి, అబద్ధమాడినందుకు క్షమాపణ అడిగితిమి. పిల్లలను క్షమాపణ అడుగుట మన ఇండ్లలో అలవాటు లేని పని.

ఇప్పుడు సంఘపెద్దగారు పిల్లల యెదుటనే దూది గడ్డము కట్టుకొనుచున్నారు. ముడి వేయునది మా అమ్మాయే. మిఠాయిలకు ఎగబడుట ఏమియు తగ్గలేదు.