గుండెకు తోడు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో చదువు గురించి, క్రమశిక్షణ గురించి చెప్పడం ఆనవాయితీ. వాటిని నాకంటే బాగా చెప్పగల పెద్దలు వేదిక మీద ఉన్నారు. నేను గుండెపోటు గురించి, సైకిలు గురించి, స్నేహితుల గురించి నాలుగు మాటలు చెబుతాను. నేను వైద్యుణ్ణి కాను, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్లు పరిశోధించి రాసిన వాటిని మామూలు మాటల్లో మీ ముందు పెట్టడమే నా పని.

ఈ విషయానికి, ఉపకార వేతనానికి సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. భారతదేశంలో పుట్టి కెనడాలో స్థిరపడిన డాక్టర్ సలీం యూసుఫ్ ఆధ్వర్యంలో 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరిశీలించారు. ఇంటర్‌హార్ట్ అనే ఆ పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పొగాకు, రక్తపోటు, మధుమేహం, చెడు కొవ్వు, బొజ్జ, మానసిక ఒత్తిడి, వ్యాయామం లేకపోవడం వంటి తొమ్మిది అంశాలే తొలి గుండెపోటు ముప్పులో నూటికి 90 వంతులకు కారణమని తేలింది. అదే పరిశోధన నుంచి 2007లో ఇంకో లెక్క వచ్చింది. తొలి గుండెపోటు మిగతా దేశాల వారికి సుమారు 59 ఏళ్ళకు వస్తుంటే, మన దక్షిణాసియా వారికి సుమారు 53 ఏళ్ళకే వస్తోంది.

యాభై మూడేళ్ళంటే మన ఇళ్ళలో ఏ వయసు? పెద్దబిడ్డ డిగ్రీలోనో ఇంజనీరింగులోనో ఉంటుంది. చిన్నబిడ్డ ప్లస్ టూలో ఉంటాడు. ఇంటి అప్పు ఇంకా తీరి ఉండదు. ఆ సమయంలో ఇంటి పెద్ద పడిపోతే ఆగిపోయేది ఆయన ఒక్కడి గుండె కాదు, పిల్లల చదువు కూడా. అందుకే ఈ మాట ఈ సభలో చెప్పదగినదే అనుకుంటున్నాను.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. బరంపురం నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, దిగపహండి మీదుగా తప్తపాణి ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చే సైకిలు వీరుడు. వెడల్పు టైర్లు, గేర్లు ఉన్న కొండదారుల సైకిలు అతనిది. బక్కపలచని మనిషి, యాభై దాటలేదు. అతనికి గుండెపోటు వచ్చింది. "సైకిలు తొక్కేవాడికే వచ్చిందంటే వ్యాయామం దండగ" అని ఊరంతా అంటుంది. ఆ మాట తప్పు. వ్యాయామం ముప్పును తగ్గిస్తుంది గాని, పూర్తిగా తీసివేయదు. వంశంలో ఉన్న జబ్బు, కనిపించని కొవ్వు, ఎన్నడూ చూపించుకోని రక్తపోటు సైకిలు తొక్కినంత మాత్రాన మాయం కావు.

అతనికి ముందుగా కావలసింది గంటలోపు వైద్యం. గుండె కండరానికి రక్తం తీసుకువెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడితే, ఆ కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. ఆరోగ్యం మీద ధీమా ఉన్నవాడు "గ్యాసు అయి ఉంటుంది, సోడా తాగితే పోతుంది" అంటాడు. ఇది మన ఒక్కరి బలహీనత కాదు. 1955 సెప్టెంబరు 24 తెల్లవారకముందే అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు డెన్వర్ నగరంలో ఛాతీ నొప్పి వచ్చింది. ఉదయం పత్రికల వారికి ఇచ్చిన కబురు జీర్ణకోశ బాధ అనే. మధ్యాహ్నం ఈసీజీ తీశాక గాని గుండెపోటు అన్న సంగతి బయటపడలేదు. ఒక దేశాధినేతకే అంత ఆలస్యమైతే మన సంగతి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం కనిపిస్తే పక్కనున్న వారు వాదన పెట్టుకోకూడదు. 108కి ఫోను చేయాలి. ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మోటారు సైకిలు మీద తనంతట తాను వెళతానంటే ఒప్పుకోకూడదు. స్నేహితుడి మొదటి బాధ్యత ఇదే, మొహమాటం లేకుండా బలవంతం చేయడం.

ఇక్కడే విద్యార్థులకు ఒక మాట. గుండెపోటు వచ్చిన మనిషి స్పృహ తప్పి, పిలిస్తే పలకక, సరిగా ఊపిరి తీయకపోతే గుండె ఆగిపోయిందని భావించాలి. అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు రెండు అంగుళాల లోతు వరకు గట్టిగా నొక్కుతూ ఉండాలి. దీనిని సీపీఆర్ అంటారు. శిక్షణ ఉన్నవారి దగ్గర ఒక పూట నేర్చుకుంటే మీ చేతుల్లోకి వచ్చే విద్య ఇది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక రెండో అధ్యాయం మొదలవుతుంది. పూర్వం గుండెపోటు వస్తే నాలుగు నుంచి ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో బోస్టన్‌కు చెందిన డాక్టర్ శామ్యూల్ లెవిన్, డాక్టర్ బెర్నార్డ్ లోన్ రోగులను తొందరగానే కుర్చీలో కూర్చోబెట్టవచ్చని, అది మేలు చేస్తుందని చూపించారు. ఐసన్‌హోవర్‌కు వైద్యం చేయడానికి వెళ్ళిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్ కూడా బోస్టన్ వారే. ఆయన స్వయంగా సైకిలు ప్రియుడు, ముసలితనంలోనూ సైకిలు తొక్కినవాడు. బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున ఉన్న సైకిలు బాటకు ఆయన పేరే పెట్టారు. రోగిని భయపెట్టి మూల కూర్చోబెట్టడం ఆయన పద్ధతి కాదు, మెల్లమెల్లగా పనిలోకి తేవడమే ఆయన పద్ధతి. ఐసన్‌హోవర్‌కు పత్రికా విలేకరులు ఒక ఎర్ర పైజామా జత బహూకరించారు. దాని జేబు మీద "చాలా నయంగా ఉంది, కృతజ్ఞతలు" అని కుట్టించి ఇచ్చారు. ఆయన అది తొడుక్కుని ఆసుపత్రి మేడ మీద ఎండలో కూర్చున్నారు. 1956లో మళ్ళీ ఎన్నికై, రెండోసారి పూర్తి కాలం పాలించి, 1969 వరకు జీవించారు. టొరంటోలో డాక్టర్ టెరెన్స్ కవానా దగ్గర కోలుకున్న గుండెపోటు రోగులు కొందరు జట్టుగా సాధన చేసి, 1973లో బోస్టన్ మారథాన్ పరుగులో పాల్గొన్నారు. ఇవి పాత కథలు. 2021లో 85 అధ్యయనాలను, 23 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి చూసినప్పుడు, పద్ధతి ప్రకారం చేసే వ్యాయామం గుండెజబ్బు మరణాలనూ, మళ్ళీ ఆసుపత్రి పాలవడాన్నీ తగ్గిస్తుందని తేలింది.

కాబట్టి మన సైకిలు వీరుడు మళ్ళీ సైకిలు ఎక్కవచ్చా అంటే, చాలామంది విషయంలో ఎక్కవచ్చు అనే జవాబు. కాని డాక్టరు పరీక్షించి చెప్పాకే, మెట్టు మెట్టుగా. ముందు ఇంట్లో నడక, తరువాత వీధి చివరి దాకా, ఆ తరువాత కదలని సైకిలు మీద కొంతసేపు. ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి డాక్టరు సరే అంటే బల్లపరుపుగా ఉండే గోపాలపురం రోడ్డు, అదీ ఎండ ముదరకముందే. తప్తపాణి ఘాట్ అన్నిటికంటే చివర.

ఎంత వేగంగా తొక్కాలి? గుండెపోటు తరువాత చాలామందికి బీటా బ్లాకర్ అనే మందు ఇస్తారు. అది నాడి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అందువల్ల చేతి గడియారంలో కనిపించే నాడి లెక్కను పాత అలవాటు ప్రకారం నమ్మితే మోసపోతాం. డాక్టర్లు చెప్పే సులువైన కొలత ఒకటుంది. తొక్కుతూ తొక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. మాట మధ్యలో తెగిపోతుంటే వేగం తగ్గించాలి. మరి మాట్లాడాలంటే పక్కన వినేవాడు ఉండాలి కదా! ఆ కొలబద్ద జేబులో దొరకదు, పక్క సైకిలు మీద ఉంటుంది.

ఆ పక్క సైకిలు మనిషికి ఒక త్యాగం ఉంది. తాను గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు పోగలిగినా పన్నెండులో పోవాలి. ఎక్కుడు వచ్చినప్పుడు ముందుగా తానే దిగి సైకిలు నడిపించాలి, అప్పుడు రోగికి చిన్నతనం ఉండదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్టెంటు వేయించుకున్న వారికి రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు కొంతకాలం, మామూలుగా ఒక ఏడాది ఇస్తారు. ఆ రోజుల్లో రాళ్ళ దారిలో పడితే రక్తం తొందరగా ఆగదు. కొండ దిగుడు, గుంతల దారి అప్పటికి మానుకోవాలి, హెల్మెట్ తప్పనిసరి. ఫోను అందని కొండదారికి ముగ్గురుగా వెళ్ళాలి. అవసరమైతే ఒకరు దగ్గర ఉంటారు, ఒకరు సాయానికి పరుగెత్తుతారు.

మందుల విషయంలోనూ స్నేహితుడి అవసరం ఉంది. "నాకు బాగుంది, ఇంకెందుకు మందులు" అని స్టెంటు మందులు తమంతట తాము మానేసేవారు ఉన్నారు. అది ప్రాణాంతకం. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంటు ధరలకు పరిమితి విధించి భారం తగ్గించింది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి అమలులోకి వచ్చాయి. అర్హత ఉన్న ప్రతి కుటుంబం ఆ కార్డు తీయించుకుని, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టుకోవాలి. అర్ధరాత్రి బీరువా తాళం వెతికే పరిస్థితి రాకూడదు.

అన్నిటికంటే కనిపించని జబ్బు దిగులు. గుండెపోటు వచ్చిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు తీవ్రమైన దిగులుకు లోనవుతారు. నిన్నటి దాకా కొండ ఎక్కినవాడు ఈ రోజు మేడ మెట్లకు భయపడతాడు. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 65 ఏళ్ళు దాటిన 194 మంది గుండెపోటు రోగులను పరిశీలించి 1992లో ప్రకటించిన ఫలితం ఇది: మనసు విప్పి చెప్పుకునే తోడు లేనివారు ఆరు నెలల్లో చనిపోయే అవకాశం, తోడు ఉన్నవారి కంటే దాదాపు మూడు రెట్లు. అయితే లెక్క రెండు వైపులా చూడాలి. 2,481 మంది రోగులలో దిగులుకూ ఒంటరితనానికీ ప్రత్యేకంగా చికిత్స చేయించి చూసిన ఇంకొక పరిశోధన ఫలితాలు 2003లో వచ్చాయి. దిగులు కొంత తగ్గింది గాని మరణాలు తగ్గలేదు. దీన్నిబట్టి నాకు అర్థమైనది రెండు మాటలు. స్నేహం మందుకు బదులు కాదు. స్నేహాన్ని ఆసుపత్రి చీటీ మీద రాసి ఇప్పించుకోవడమూ కుదరదు. అది ఏళ్ళ తరబడి నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ లాంటిది. అవసరం వచ్చిన రోజున కొత్తగా ఖాతా తెరిస్తే చేతికి వచ్చేది తక్కువ.

తోడు విలువకు మన తెలుగువారి చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో చదవాలనుకున్నప్పుడు చేతిలో డబ్బు లేదు. మామగారు, స్నేహితులు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకోవడంతో ఆయన బోస్టన్ చేరారు. ఈ ట్రస్టు ఈ రోజు చేస్తున్న పనే ఆ రోజు ఆ ధర్మసంస్థ చేసింది. అక్కడ ఆయన సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వెల్లడించారు. మనం సైకిలు పెడలు తొక్కినా, మన గుండె ఒక్కసారి కొట్టుకున్నా ఖర్చయ్యేది అదే. అంతటి మహనీయుడు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. ఆ రోజుల్లో స్టెంటు లేదు, ఆగిన గుండెను ఛాతీ నొక్కి నడిపించే పద్ధతీ వాడుకలో లేదు. ఈ రోజు మనకు అవన్నీ ఉన్నాయి. ఉండి కూడా వాడుకోకపోతే ఆ లోపం మనదే అవుతుంది.

పిల్లలూ, మీకు నేను ఇచ్చే హోంవర్కు చిన్నది. ఈ వారంలోనే అమ్మకూ నాన్నకూ రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించండి. గుట్కా, సిగరెట్టు ఉంటే మానమని అడగండి. మీరు అడిగితే వింటారు, మేము చెబితే వినరు. సీపీఆర్ నేర్చుకోండి. ఇంట్లో మందుల చీటీ, ఆరోగ్య కార్డు, ఇద్దరు స్నేహితుల ఫోను నంబర్లు ఒకే కవరులో పెట్టండి.

తల్లిదండ్రులారా, మీ స్నేహితుల్లో ఎవరికైనా గుండెపోటు వచ్చి ఇంట్లో ఉంటే, చూడటానికి వెళ్ళి "ఫలానావాడు ఇలాగే పోయాడు" అని చెప్పి రాకండి. రేపు ఉదయం ఆరు గంటలకు వస్తాను, వీధి చివరి దాకా నడుద్దాం అని చెప్పండి. చెప్పినట్టు వెళ్ళండి. మరునాడూ వెళ్ళండి. అతను ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడవండి.