తద్ధర్మము – ఇంగ్లీషు క్రియ



ఇంగ్లీషు నేర్వ మొదలిడిన తెలుగువాడు తన కొలువును గూర్చి 'ఐ యామ్ వర్కింగ్' అనును. "పనిచేయుచున్నాను" అను మాట నాలుకపై నుండుటయే కారణము. ఇంగ్లీషువానికి అది తాత్కాలికమగు కొలువును స్ఫురింపజేయును. 20 ఏండ్ల సర్వీసు గల గుమాస్తా ఒక్క మాటతో టెంపరరీ యైపోవును! 'ఐ వర్క్' అనవలయును.

దీనికి దారి తెలుగు వ్యాకరణమందే కలదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున భూత, భవిష్యద్వర్తమానములతోపాటు తద్ధర్మమును చెప్పెను. సూర్యుడు తూర్పున ఉదయించును: ఇది తద్ధర్మము. 'సింపుల్ ప్రెజెంట్' అను పేరు చూచి వర్తమానమని భ్రమించుటయే చిక్కు. అది చాలవరకు తద్ధర్మమే.

వాడుక భాషలో మరియొక చిక్కు కలదు. "చదువుతాడు" అన్నచో నిత్యము చదువుటయు, ఇకమీద చదువుటయు రెండును తోచును. బిడ్డ ప్రతిదినము చదువునని చెప్పబోయి తల్లి 'హి విల్ రీడ్' అన్నచో, ఉపాధ్యాయుడు ఇంతవరకు చదువలేదనుకొనును. పాపము, బిడ్డ తప్పేమి?

ఇక చివరి ఎస్ అక్షరము. 'హి, షి, ఇట్' లకే అది చేరును: 'హి వర్క్స్'. వ్యతిరేకమున 'డజ్' దానిని లాగుకొనును: 'హి డజ్ నాట్ వర్క్'. సాయంకాలము పిల్లలచే ఇంటివారి దినచర్యను పలికించవచ్చును: 'మదర్ కుక్స్, ఫాదర్ వర్క్స్, ఐ రీడ్.' తల్లియు వారితో గొంతు కలుపవచ్చును.